అటక మీద సంచీలో మూడు సగం అల్లికలు, మూడు నెలల్లో ఒక కానుక: ఏది ముందు?

వెన్నెలఊలు
అటక సర్దుతుంటే పాత ఊలు సంచీ బయటపడింది. అందులో మూడున్నాయి. తమ్ముడి కోసం మొదలుపెట్టిన నేవీ బ్లూ స్వెట్టర్, వీపు భాగం పూర్తయింది, ముందు భాగం చంకల దాకా వచ్చి సూది మీదే ఉండిపోయింది. బూడిదరంగు సాక్సు, ఒక్కటే. లేత పసుపు పసిపిల్లల దుప్పటి, అన్ని వరసలూ నిట్ అనే ఒకే మామూలు కుట్టే, మూడో వంతు అయింది. ఈ దుప్పటి అక్క కూతురు పుట్టకముందు మొదలైంది. ఆ పిల్ల ఇప్పుడు స్కూలుకెళ్ళి ఎక్కాలు అప్పజెబుతోంది.

ఇప్పుడు చెల్లెలికి డెలివరీకి మూడు నెలలుంది. చేత్తో అల్లిందే ఏదైనా ఇవ్వాలని గట్టిగా ఉంది. ఆ దుప్పటే పూర్తి చేసి ఇచ్చేయనా, కొత్తది మొదలుపెట్టనా? ప్యాటర్న్ కాగితం లేదు, ఊలు లేబుళ్ళు లేవు, సూది మీద నంబర్ చెరిగిపోయింది. సంచీ తెరిచినప్పటినుంచి ఒకటే టెన్షన్.

నిదానం
దుప్పటి పూర్తి చేయండి. మూడో వంతు చేతిలో ఉండగా కొత్తది మొదలుపెడితే సంచీలో నాలుగోది చేరుతుంది, అంతే.

విప్పేద్దాం
మూడూ విప్పేయండి. ఊలు మిగులుతుంది, బరువు దిగుతుంది. మనకి పూర్తి చేయాలనిపించని దాన్ని బలవంతంగా అల్లితే ఆ బలవంతం కుట్లలో కనిపిస్తుంది.

ఒంటిసాక్సు
నా దగ్గరా ఒకటుంది, బూడిదరంగే. మీది ఎడమదా కుడిదా?

రాత్రిఅల్లిక
సాక్సుకి ఎడమా కుడీ ఏంటండీ.

ఒంటిసాక్సు
లేకపోతే మరీ మంచిది. సైజ్ చెప్తే చాలు, జత కుదిరినట్టే.

లెక్కలబాబాయ్
ఏది పూర్తి చేయాలన్నది తర్వాత సంగతి. మీ దగ్గర ఏముందో ముందు తేల్చండి. దుప్పటి అల్లినంత మేర పొడవు కొలవండి, సూది బరువు తీసేసి తూకం వేయండి. ఉదాహరణకి 30 సెం.మీ.కి 90 గ్రాములు పట్టిందనుకుందాం. 90 సెం.మీ. దుప్పటికి 270 కావాలి, అంటే ఇంకో 180. మిగిలిన ఉండలు 120 గ్రాములే ఉంటే 70 సెం.మీ. దగ్గర ఆగిపోతారు. ఇది ఈరోజే తెలుసుకోవడం మంచిది, ఆఖరి ఉండ అయిపోయినప్పుడు కాదు.

ఇక టైమ్. ఒక వరస అల్లి గడియారం చూడండి. 120 కుట్ల వరసకి 5 నిమిషాలు పట్టిందనుకోండి. మధ్యరకం ఊలుతో అంతా నిట్ అల్లితే 10 సెం.మీ.కి దాదాపు 40 వరసలు పడతాయి. 60 సెం.మీ. అంటే 240 వరసలు, 1200 నిమిషాలు, 20 గంటలు. రోజుకి అరగంట చొప్పున 40 రోజులు. మూడు నెలల్లో హాయిగా అయిపోతుంది.

రాత్రిఅల్లిక
రోజూ అరగంట దొరికే మనిషైతే ఆ సంచీ అటకెందుకు ఎక్కుతుంది బాబాయ్?

లెక్కలబాబాయ్
సరే, రోజు విడిచి రోజు వేసుకోండి. 80 రోజులు. అప్పటికీ సరిపోతుంది, కాకపోతే ఉతికి ఆరబెట్టడానికి పది రోజులే మిగులుతాయి.

క్రోషాకొక్కెం
తూకం, గడియారం సరే. అంతకంటే ముందు ఆ సంచీని మిగతా ఊలు దగ్గర పెట్టకండి. చిమ్మెట ఉందేమో చూడండి. ఊలు కొరికేది ఎగిరే పురుగు కాదు, దాని లార్వా. చీకట్లో, కదలిక లేని చోట పెరుగుతుంది, అటక మీద సంచీ దానికి సొంతిల్లే. దారం అక్కడక్కడా తెగి ఉండటం, ఇసకలాంటి రవ్వలు, తెల్లని గూళ్ళు కనిపిస్తే అనుమానించాలి. ప్లాస్టిక్ సంచీలో గాలి పోకుండా కట్టి డీప్ ఫ్రీజర్‌లో −18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక వెంటనే విప్పొద్దు. గది వేడికి వచ్చేదాకా ఆగితే చెమ్మ సంచీ బయటే పడుతుంది, ఊలు తడవదు.

అక్రిలిక్ (కృత్రిమ దారం) అయితే ఈ గొడవే లేదు, దాని జోలికి చిమ్మెట రాదు.

వెన్నెలఊలు
అదే కదా, ఏది ఊలో ఏది అక్రిలికో గుర్తు లేదు.

క్రోషాకొక్కెం
చిన్న ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, సింక్ మీద కాల్చి చూడండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడైతే ఊలు. కరిగి గట్టి నల్ల పూసలా ముడుచుకుంటే అక్రిలిక్.

నిదానం
నిప్పెందుకండీ ఇంట్లో. దారం రెండు కొసలు తడిపి, అరచేతుల మధ్య గట్టిగా రుద్దండి. ఒకదానికొకటి అతుక్కుపోతే ఊలు.

క్రోషాకొక్కెం
అన్నిసార్లూ కాదు. మెషీన్లో ఉతికేలా తయారుచేసిన సూపర్‌వాష్ ఊలు అలా అతుక్కోదు, అక్రిలిక్కూ అతుక్కోదు. రెండు పరీక్షలూ చేస్తేనే తేలుతుంది. కాలిస్తే జుట్టు వాసన వచ్చి, రుద్దితే అతుక్కోకపోతే అది సూపర్‌వాష్.

పదునులేనిసూది
సూది నంబర్ గురించి. చెరిగిపోవడమే మంచిదైంది, నంబర్లతోనే సగం గొడవలు. పాత బ్రిటిష్ లెక్కలో 8 నంబర్ అంటే 4 మి.మీ., అమెరికా లెక్కలో 8 అంటే 5 మి.మీ. పైగా ఒకదాంట్లో నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, రెండోదాంట్లో లావవుతుంది. మి.మీ. ఒక్కటే నమ్మండి. కొలిచే రంధ్రాల పలక లేకపోతే సన్నని కుట్టు దారం సూదికి ఒత్తుగా పది చుట్లు చుట్టి, విప్పి కొలవండి. 13 సెం.మీ. చుట్టుపక్కల వస్తే 4 మి.మీ. సూది, 16 చుట్టుపక్కల వస్తే 5.

లెక్కలబాబాయ్
ఇదీ లెక్కంటే.

రాత్రిఅల్లిక
బాబాయ్‌కి జోడీ దొరికింది.

విప్పేద్దాం
ఇవన్నీ చేసినా ఒక చిక్కు ఉంది, ఎవరూ చెప్పట్లేదు. అప్పటి చెయ్యి వేరు, ఇప్పటి చెయ్యి వేరు. ఎక్కడ ఆపి ఎక్కడ మొదలుపెట్టారో దుప్పటి మీద అడ్డగీతలా కనిపిస్తుంది. అందుకే విప్పేయమన్నా.

నిదానం
నిట్, పర్ల్ (నిట్‌కి తిరగేసిన కుట్టు) వరసలు మార్చి అల్లే నున్నటి అల్లికలో కనిపిస్తుంది, నిజమే. అంతా నిట్ అయితే అడ్డంగా లేచే గట్ల మధ్య చాలావరకు కలిసిపోతుంది. ముందు ఒక 10 సెం.మీ. ముక్క విడిగా అల్లి పాతదాని పక్కన పెట్టి చూసుకుంటే సరి. కుట్లు ఎక్కువ పడితే కొంచెం లావు సూది, తక్కువ పడితే సన్నది. ఇంత చిన్న పనికి మొత్తం విప్పేయడం ఎందుకు?

విప్పేద్దాం
మీరు ఎప్పుడూ దేన్నీ విప్పరని పేరులోనే తెలుస్తోంది :)

నిదానం
మీ పేరూ దాచుకునేదేం కాదుగా.

రాత్రిఅల్లిక
మళ్ళీ పట్టుకునేటప్పుడు రెండు మాటలు. వరస మధ్యలో ఆగి ఉంటే, ఉండ నుంచి వచ్చే దారం ఏ సూది మీది కుట్టుకి తగిలి ఉందో చూడండి. ఆ సూది కుడిచేతిలోకి రావాలి. తిప్పి పట్టుకుంటే వరస మధ్యలోనే వెనక్కి వెళ్ళిపోతారు, చిన్న కన్నం పడుతుంది, అది నాలుగు వరసల తర్వాత గానీ కంటపడదు. వరసలు లెక్కపెట్టాలంటే, అంతా నిట్ ఉన్నచోట ఒక గట్టు రెండు వరసలు, నున్నటి వైపు ఒక్కో V ఆకారం ఒక వరస.

రెండోది, పాత కుట్లలోంచి సన్నని నున్నటి కాటన్ దారం ఒకటి మొద్దు సూదితో గుచ్చి ఉంచండి. ఆ తర్వాత పైన ఎంత విప్పుకున్నా ఆ దారం దగ్గర ఆగుతుంది. సూది చాలాకాలం ఉన్నచోట కుట్లు సాగి గీతలా ఉంటే కంగారు పడకండి, ఉతికితే మామూలుగా సర్దుకుంటుంది.

వెన్నెలఊలు
అన్నీ చేసి చూశా. పసుపుది కాలిస్తే నల్ల పూస, అక్రిలిక్. నేవీ బ్లూ కాలిస్తే జుట్టు కంపు, రుద్దితే ఎంతకీ అతుక్కోలేదు. అంటే సూపర్‌వాష్ ఊలన్నమాట! దుప్పటి సూది దారం చుట్టి కొలిస్తే 4 మి.మీ. అనిపిస్తోంది. పసుపు ఊలు మాత్రం ఒక ఉండ తక్కువ పడేలా ఉంది.

లెక్కలబాబాయ్
అదే రంగు కొన్నా పాతదానితో కలవదు. రంగు వేసిన లాట్ మారితే తేడా ఉంటుంది, ఉండల్లో తెలియదు, అల్లాక తెలుస్తుంది.

పదునులేనిసూది
రెండు వరసలు పాత ఉండతో, రెండు వరసలు కొత్త ఉండతో మార్చి మార్చి అల్లితే తేడా కలిసిపోతుంది. లేదా అసలు దాచొద్దు, తెల్లది తెచ్చి అంచు పట్టీ వేసేయండి. కావాలని వేసినట్టే ఉంటుంది.

కవలలఅమ్మ
ఇంతసేపూ ఊలు సంగతే నడిచింది. అందుకునే బిడ్డ గురించి కూడా ఒక్కసారి ఆలోచించండి. ఏడాది లోపు పిల్లలు పడుకునే చోట వదులు దుప్పట్లు, దిండ్లు, మెత్తటి బొమ్మలు ఉండకూడదని పిల్లల డాక్టర్లు చెబుతారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా కూడా అదే. మొహం మీదికి జారితే బిడ్డ దాన్ని తనంతట తాను తొలగించుకోలేదు. కాబట్టి దుప్పటి ఇస్తే ఒళ్ళో పెట్టుకున్నప్పుడో, నేల మీద ఆడించేటప్పుడో, పెద్దవాళ్ళు చూస్తుండగా వాడాలి. చుట్టూ కుచ్చులు వద్దు, నోట్లో పెట్టుకుని పీకుతారు. లేసులాంటి పెద్ద కన్నాల అల్లిక వద్దు, వేళ్ళు ఇరుక్కుంటాయి. లోపలివైపు పొడుగ్గా వేలాడే దారాలు ఉండే రంగుల డిజైన్లూ అంతే. నిద్రలో టోపీ కూడా వద్దంటారు, తలకి వేడి ఎక్కుతుంది.

మా పిల్లలకి చేత్తో అల్లినవి చాలానే వచ్చాయి. వాడినవి ఏవంటే, ముందు తెరుచుకునే చిన్న కార్డిగన్లు, అదీ మెషీన్లో వేయగలిగినవి. తల మీంచి లాగాల్సినవి వేసేటప్పుడు ఏడుపే ఏడుపు. చేత్తో మాత్రమే ఉతకాలి అన్నవి కొత్తగానే చిన్నబడిపోయాయి.

నిదానం
ఇంత భయపెడితే ఎవరూ దుప్పట్లు అల్లరు.

కవలలఅమ్మ
అల్లొద్దనలేదు. ఎక్కడ వాడాలో చెప్పి ఇమ్మన్నా.

క్రోషాకొక్కెం
కవలలఅమ్మ గారితో నేనూ ఏకీభవిస్తా. ఇంకొకటి, అప్పుడే పుట్టిన సైజ్ అల్లొద్దు. ఆ సైజ్ బట్టలు అందరూ తెస్తారు, బిడ్డ నాలుగు వారాల్లో దాటేస్తుంది. ఆరు నెలల సైజ్ అల్లితే మీకూ గడువు పెరుగుతుంది, వాళ్ళకీ అక్కరకొస్తుంది. కాకపోతే ఆరో నెల ఏ కాలంలో వస్తుందో లెక్క చూసుకోండి. మండు వేసవిలో ఊలు కార్డిగన్ ఎవరికి కావాలి?

విప్పేద్దాం
నేవీ బ్లూ స్వెట్టర్ విప్పి ఆ ఊలుతో కార్డిగన్. నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే.

నిదానం
మీరు మొదట మూడూ విప్పమన్నారు.

విప్పేద్దాం
మూడింట్లో ఒకటి కుదిరింది కదా.

రాత్రిఅల్లిక
తమ్ముణ్ణి అడక్కుండా విప్పేస్తారా? వీపు భాగం పూర్తయిందట కూడా. చేతులు మానేసి చేతుల్లేని స్వెట్టర్ చేసినా అయిపోతుంది. చేతులకే బోలెడు ఊలు పడుతుంది, బోలెడు ఓపిక కూడా. ఈలోగా మనిషి లావైతే రెండు పక్కలా నిలువు పట్టీలు అల్లి కలపొచ్చు.

వెన్నెలఊలు
తమ్ముణ్ణి అడిగా. "నాకు స్వెట్టర్ అల్లుతున్నావా, ఎప్పుడు?" అన్నాడు. వాడికి అసలు తెలియనే తెలియదట. పక్క పట్టీల సంగతి చెప్తే నవ్వి, విప్పేయ్ అక్కా అన్నాడు.

దుప్పటి సంగతి ఇంకా విచిత్రం. అక్క వీడియో కాల్‌లో ఉంటే చూపించా. పక్కనుంచి దాని కూతురు దూరి, "అది నాదే కదా పిన్నీ, ఇంకా ఎందుకవలేదు?" అంది. నాకు నోట మాట రాలేదు. చెల్లెలు కూడా ఆ కాల్‌లోనే ఉంది. అది దానికే ఇచ్చెయ్, నా బిడ్డకి పాత బాకీ తీర్చొద్దు, కొత్తగా ఏదైనా చెయ్ అంది.

ఒంటిసాక్సు
ఇల్లంతా ఏకమైపోయింది. ఇక సాక్సే అనాథ.

కవలలఅమ్మ
బంగారం లాంటి పిల్ల! ఆ వయసుకి పడుకునేటప్పుడు కప్పుకోవచ్చు, నిశ్చింతగా ఇవ్వండి. కాకపోతే పొడవు పెంచాలి.

పదునులేనిసూది
తెల్ల పట్టీలు ఇప్పుడు నిజంగా పనికొస్తాయి. పసుపు, తెలుపు వెడల్పు చారలుగా పెంచుకుంటూ పోండి. అక్రిలిక్ కాబట్టి ఒక్క జాగ్రత్త. ఆవిరి ఇస్త్రీ దగ్గరికి తీసుకురావద్దు. ఒక్కసారి వేడి తగిలితే జీవం పోయి పల్చగా వేలాడుతుంది, మళ్ళీ వెనక్కి రాదు.

విప్పేద్దాం
నేవీ బ్లూ విప్పే పద్ధతి చెప్తా, ఇది నా రాజ్యం. వీపు భాగం ఆఖర్న ముగించిన అంచు దగ్గర కొస వెతకండి, మొదలుపెట్టిన అంచు నుంచి విప్పితే చిక్కులు పడి ప్రాణం తీస్తుంది. విప్పుతూ విప్పుతూ కుర్చీ వీపుకి చుట్టండి, ఉండ చేయొద్దు. చుట్ట అయ్యాక నాలుగు చోట్ల వేరే దారంతో వదులుగా ముడేసి తీయండి. ఇప్పుడు ఆ ఊలు నూడుల్స్‌లా వంకర్లు తిరిగి ఉంటుంది. దాంతోనే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం సబ్బు వేసి అరగంట నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో వత్తి, నీడలో వేలాడదీయండి. ఆరేసరికి వంకర్లు సర్దుకుంటాయి. కొస కనిపించినప్పుడల్లా, తెగిన చోటల్లా వెంటనే గుర్తు పెట్టుకోండి. సూపర్‌వాష్ కాబట్టి తడిపి రుద్ది అతికించడం కుదరదు, కొత్త కొస ఎప్పుడూ వరస అంచునే కలపాలి.

నిదానం
పసిబిడ్డకి నేవీ బ్లూనా? ముదురు రంగు మీద ప్రతి నూగూ కనిపిస్తుంది.

కవలలఅమ్మ
నూగు కనిపిస్తుంది, మరకలు కనిపించవు. నన్నడిగితే మరకలే ఎక్కువ.

రాత్రిఅల్లిక
రంగు చెల్లెల్నే అడగొచ్చుగా. అడిగితే సర్‌ప్రైజ్ పోతుందని కొందరంటారు గానీ, నచ్చని రంగు చూసి నవ్వు పులుముకోవడం కంటే అది నయం.

క్రోషాకొక్కెం
నేను ఒప్పుకోను. రంగు అడిగితే సైజ్ అడగాలి, సైజ్ అడిగితే డిజైన్ అడగాలి, ఆఖరికి అది కానుక కాదు, ఆర్డర్ అవుతుంది. ఊలు గరుకుగా ఉందో లేదో చూసుకుంటే చాలు. ముక్కని మెడకి, మోచేతి లోపలికి కాసేపు ఆనించి పెట్టుకోండి. మనకి గుచ్చితే బిడ్డకి ఇంకా గుచ్చుతుంది.

వెన్నెలఊలు
మెడకి ఆనించా, గుచ్చట్లేదు. రంగు అడగను, క్రోషాకొక్కెం గారి పక్షమే. ఆరో నెల చలికాలం మొదట్లో పడుతుంది, లెక్క చూశా. అక్కడక్కడా రెండు మూడు చోట్ల దారం తెగింది గానీ గూళ్ళేం లేవు. అయినా ఫ్రీజర్‌లోనే ఉంచి తీశా. విప్పి, ఉతికి, ఆరాక తూచితే 310 గ్రాములు. సరిపోతుందా?

లెక్కలబాబాయ్
ఆరు నెలల కార్డిగన్‌కి 150 పెట్టుకుంటే చాలు. మిగిలినదాంట్లోంచి ఒక చిన్న చుట్ట కార్డిగన్‌తో పాటు ఇవ్వండి, ఎప్పుడైనా చిరిగితే సరిచేసుకోవడానికి. ఉతికే పద్ధతి ఒక చీటీ మీద రాసి పెట్టండి. సూపర్‌వాష్ సాగే రకం, వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టమనండి.

ఆరు నెలల పిల్లల ఛాతీ కొలత 43 సెం.మీ. లోపల ఇంకో బట్ట ఉంటుంది, చెయ్యి ఆడాలి, కాబట్టి 5 కలిపి 48. మీకు 4 మి.మీ. సూదితో 10 సెం.మీ.కి 22 కుట్లు వస్తే 106 కుట్లతో మొదలుపెట్టాలి, బొత్తాల పట్టీ విడిగా. కానీ ఈ 22ని నమ్మి మొదలుపెట్టొద్దు. స్వాచ్, అంటే చిన్న నమూనా ముక్క, అల్లి, ఉతికి, ఆరాక కొలవండి.

ఒంటిసాక్సు
మిగిలిన 160 గ్రాములతో సాక్సుకి జత?

రాత్రిఅల్లిక
బూడిదరంగుకి నేవీ బ్లూ జతా?

ఒంటిసాక్సు
బూట్లు వేసుకుంటే ఎవరు చూస్తారు.

కవలలఅమ్మ
బొత్తాల సంగతి మర్చిపోకండి. ఊలుతో కుట్టొద్దు, గట్టి కుట్టు దారంతో కుట్టి, లోపలివైపు చిన్న బట్ట ముక్క ఆనించండి. కుట్టాక గట్టిగా లాగి చూడండి. ఊడితే నేరుగా నోట్లోకే వెళ్తుంది.

వెన్నెలఊలు
స్వాచ్ ఉతికి ఆరబెట్టా. అల్లినప్పుడు 22 వచ్చింది, ఉతికాక 20కి దిగింది. సూది మార్చాలా?

లెక్కలబాబాయ్
ముక్కని వెలుతురుకి పెట్టి చూడండి. కుట్ల మధ్య ఖాళీలు కనిపిస్తున్నాయా?

వెన్నెలఊలు
లేవు. మెత్తగా, ఒత్తుగానే ఉంది.

లెక్కలబాబాయ్
అయితే సూది అదే ఉంచండి, కుట్లు 96 చేయండి. పొడవు మాత్రం వరసల లెక్కతో కాదు, టేపు పెట్టి కొలుచుకుంటూ వెళ్ళండి.

విప్పేద్దాం
చంకల దాకా వచ్చాక చెప్పండి, అక్కడే అందరూ ఆపేస్తారు.